క్యాలెండర్‌లో చిక్కిన సైటు

నా స్నేహితుడు సాంబయ్యా నేనూ కోసిన కోతలన్నీ వాడి వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. తొర్రూరు బస్సును మింగిన కొర్రమీను కథ కూడా. వాడు పోయి రెండేళ్లయింది. ఈ రాత్రి పన్నెండు గంటలకు సైటు మూసేస్తారు. సైటు మొత్తాన్నీ నకలు తీసి దాచే ప్రోగ్రామును వాడటం నాకు నేర్పింది మనవరాలు యమున. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఫోన్లో ఉంది.

హనుమకొండ ఇంట్లో నేనొక్కణ్నే. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. పదకొండున్నరయినా ఒక్క కథా నా కంప్యూటర్‌లోకి దిగలేదు.

“పొద్దుగూకినప్పటి సంది గిదే తిప్పల బిడ్డా! పేజీలు వేలల్ల వస్తానయ్, కథ ఒక్కటి లేదు.”

“ఆ ప్రోగ్రాం సైటుల ఉన్న క్యాలెండర్ల ఇరుక్కున్నది తాతా. తర్వాతి నెల, తర్వాతి నెల అని నొక్కుకుంట పోతాంది. నీ కోతల లెక్కనే దానికి అంతుండది. క్యాలెండర్ వద్దని టిక్ పెట్టు జర.”

టిక్ పెట్టబోతూ తెరకేసి చూశాను. సాంబయ్య చనిపోయిన నెల నుంచి అన్నీ ఖాళీ గళ్లే. వచ్చే నెల మొదటి గురువారం గడిలో మాత్రం రాసి ఉంది: ‘రాత్రి తొమ్మిదికి సాంబయ్య కథ. వినేవాడు కొమురయ్య.’

కొమురయ్యను నేనే. అందులో రాయడానికి కావలసిన పాస్‌వర్డ్ సాంబయ్య ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

టిక్ పెట్టాను. కథలు ఒక్కొక్కటే దిగసాగాయి.

“గంతసేపు ఏం చూసినవ్ తాతా? ఏమున్నది అండ్ల?”

“ఏం లేదు బిడ్డా. ఖాళీ.”

జన్మంతా పెద్ద పెద్ద అబద్ధాలే ఆడాను. ఇంత చిన్నది ఆడటం ఇదే మొదలు.