కడిగిన సీసా

కడియంలో గులాబీ తోటలు పోయి పాతికేళ్లయింది. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ పొయ్యికి దూరంగా ఒక మూల పరిమళం పెట్టె ఉంది. సీసాలో మెగ్నీషియం పొట్టూ ఈథరూ మిగతా సరుకూ వేసి అందులో పెడితే, పూట గడిచేసరికి గులాబీ వాసన వేసే ఆల్కహాలు దిగుతుంది. ఒక్క నీటిచుక్క తగిలినా అంతా చెడిపోతుంది. అందుకని దాని దగ్గరికి తడిగుడ్డ కూడా రానివ్వరు. ఒకప్పుడు ఆ తోటల్లోనే పూలు కోసిన కనకరత్నానికి ఈథరు కంపు మధ్య అన్నం సయించేది కాదు.

మనవరాలి నిశ్చితార్థం నాడు కోడలు హైమ, "అత్తయ్యా, ఇవాళ్టికి పెట్టె మీరు చూడండి, నేను చీర కట్టుకోవాలి" అంది.

శుభకార్యానికి వాడే పాత్ర కడగకుండా ఎలా? కనకరత్నం చేతి అలవాటుకొద్దీ సీసాను నీళ్లతో కడిగి, దులిపి, సరుకు వేసి పెట్టెలో పెట్టేసింది.

దిగింది గులాబీ కాదు, పెట్రోలు బంకు దగ్గర కొట్టే తియ్యటి కంపు. ఆమె నోరు విప్పేలోపే హైమ హడావుడిలో వాసనైనా చూడకుండా దాన్ని పిల్ల జడలోని ప్లాస్టిక్ పూలమీద చల్లేసింది.

వియ్యపురాలు వంగి గుండెల నిండా పీల్చింది. "అబ్బ! అసలు గులాబీ అంటే ఇదండీ. మా పెట్టెలో ఏనాడూ ఇలా రాలేదు."

జడ వాసన చూడటానికి ఆడవాళ్లంతా మూగారు. కనకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, భళ్లున వాంతి చేసుకుంది.