ఏడో మెట్టు

"ముందు ఈ బొమ్మ చూడమ్మా. తర్వాత నీ ఇష్టం," అంటూ ప్లీడరమ్మ నోటుబుక్కు తెచ్చి, సగం సర్దిన పెట్టెలో బట్టల మీద పెట్టింది.

ఆ పిల్లకి పదహారేళ్ళు. నోరు తెరిస్తే వాదనే కాబట్టి ఇంట్లో అందరికీ ప్లీడరమ్మే. ఇంతవరకూ వాదించినవన్నీ ఉత్తుత్తి కేసులు. ఇది తండ్రి కేసు.

తండ్రి పెయింటరు. తాగుడు మానేసి ఎనిమిది నెలలైంది. ఇంకోసారి ముట్టుకుంటే పిల్లను తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోతానని తల్లి తెగేసి చెప్పినప్పుడు, ముట్టనని ఒట్టేశాడు. పోయిన సోమవారం, కొత్తగా కడుతున్న ఒక ఇంట్లో నిచ్చెన కింద పడి ఉండగా దొరికాడు. కాలు విరిగింది. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ చెప్పేవాళ్ళు బోలెడు. మళ్ళీ మొదలెట్టాడన్నారు. ఆయన మాత్రం "జారింది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచీ తల్లి ఆయనతో మాట్లాడలేదు. రేపు పొద్దుటి బస్సుకి టికెట్లు కూడా తెచ్చేసింది.

"వాసన వచ్చిందే. నా ముక్కు అబద్ధం చెప్తుందా?"

"రంగుల్లో కలిపే థిన్నరు డబ్బా ఒలికిందమ్మా. వాసన రాక ఏమవుతుంది?"

"నువ్వెళ్ళి చూశావా?"

"చూశాను. నీ టేపు పట్టుకెళ్ళి కొలిచాను కూడా."

తల్లి బట్టలు కుడుతుంది. టేపు మాట వినగానే ఆమె చెయ్యి ఆగింది.

"గోడవారన టైల్సు పెట్టెలు పేర్చి ఉన్నాయి. అందుకే నిచ్చెన కాళ్ళు దూరంగా పెట్టాడు. పుట్టీ పొడిలో వాటి గుర్తులు అచ్చు గుద్దినట్టున్నాయి. గోడకి సరిగ్గా మూడు మీటర్లు. నిచ్చెన పొడవు అయిదు."

"అయితే?"

"మనిషి పైకెక్కేకొద్దీ నిచ్చెన కాళ్ళు వెనక్కి జారాలని చూస్తాయి. వాటిని ఆపేది నేలమీద రాపిడి ఒక్కటే. ఆ నేలేమో అద్దంలా ఉంది. టైలు మీద నిచ్చెన రబ్బరు తొడుగు పెట్టి ఒక పక్క ఎత్తి చూశాను. కాస్త వాలగానే జారిపోయింది. నిచ్చెన పదిహేను కిలోలు, నాన్న అరవై అయిదు. ఆరో మెట్టు దాకా ఫరవాలేదు. ఏడో మెట్టు ఎక్కితే జారి తీరాల్సిందే. పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగనివాడెక్కినా అంతే!"

"ఆయన అరవై అయిదు ఎక్కడున్నాడే, చిక్కిపోయాడుగా?"

ప్లీడరమ్మ అరవై వేసి మళ్ళీ చేసింది. ఏడో మెట్టే వచ్చింది. బాణం గుర్తులు, అంకెలు తల్లికి ఒక్కటీ తలకెక్కలేదు. అయినా ఆ పేజీని చాలాసేపు చూసింది. ఆమెకు నమ్మాలని ఉంది. ఆరు రోజులుగా అందుకో కారణం వెతుక్కుంటోంది.

"మంచినీళ్ళు కూడా చేతికివ్వలేదే ఆ మనిషికి," అంటూ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. టికెట్లు నాలుగు ముక్కలు చేసింది. పక్కగదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంది.

"ఊరంతా అన్నదే నేనూ అనుకున్నానండీ. నన్ను క్షమించండి."

ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ నీళ్ళు తుడిచి, వేడిగా ఏదైనా చేసి తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

గెలిచిన ప్లీడరుకి కక్షిదారు మెచ్చుకోలు కావద్దూ! ప్లీడరమ్మ నోటుబుక్కు తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చివరిదాకా చూశాడు.

"అంతా సరిగ్గానే చేశావా?"

"మా ఫిజిక్స్ మేడమ్ కూడా చూశారు నాన్నా. ఎక్కడా తప్పులేదు."

"అమ్మ పూర్తిగా నమ్మిందా?"

"టికెట్లు చింపేసింది. ఇంకేం కావాలి?"

వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆయన అటు ఒకసారి చూసి, కూతురి చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నేను ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు తల్లీ."