ఏ పెట్టె ముందు కొనాలి

ఎర్మెలిందా,

ఆరేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. బల్ల మీద బొమ్మలు జరుపుతూ ఆడే మన దయ్యాల కొంప ఆటలో ఇద్దరం ఒకే పక్షం. గెలిచినా ఓడినా కలిసే. అయినా ప్రతిసారీ నన్నే ముందు నేలమాళిగలోకి పంపుతావు, నేనే చస్తాను. ముందు చచ్చినవాళ్లే టీ కప్పులు కడగాలని చట్టం పెట్టిందీ నువ్వే.

సరే, పోనీ. ఆటకు కలుపుకునే కొత్త పెట్టెలు కొందామనుకున్నాం కదా, కొండ దిగి కొట్టుకు వెళ్లొచ్చాను. రెండున్నాయి. చిన్నదానిలో మూడు కొత్త దయ్యాలు, ఒక్క సాయంత్రంతో సరి. పెద్దదానిలో నలభై భాగాల కథ, ఆదివారానికి ఒకటి. మొదలుపెట్టిన మనుషులే చివరిదాకా ఆడాలి. మొన్న నీకిదంతా చెప్పాను.

"చిన్నదే ముందు కొందాం, ఎవారిస్తో. నలభై వారాలు నీ మోకాళ్లు ఆగొద్దూ?" అన్నావు.

"మెట్లెక్కేది బొమ్మ. నా మోకాళ్లతో దానికేం పని?" అన్నాను.

"మెట్లెక్కితే కదా. నీ బొమ్మ గుమ్మంలోనే పోతుంది" అని రొట్టె మీద పాల్టా పండు గుజ్జు రాసుకుంటూ నవ్వావు.

నేనూ నవ్వాను. కానీ ఇవాళ రొట్టెల కొట్టులో నీ కోడలు కనిపించింది. మార్చిలో నువ్వు చిలోయే దీవికి, మీ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతావట. ఇక రావట.

అందుకా చిన్న పెట్టె?

ఎదురుగా అడగడం నాకు చేతకాదు. పెద్ద పెట్టె ఎవరికీ అమ్మొద్దని కొట్టువాడికి చెప్పాను. శనివారం దాకా ఆగుతాడు. కొనమంటావా, వద్దంటావా? శుక్రవారం సాయంత్రంలోగా చెప్పు.

ఎవారిస్తో