ఎడమచేతి బోణీ

"టేపులల్ల ఏం జూస్తానవయ్యా గంతసేపు? పిల్లను జూడ వచ్చినవా?"

వెంకటరాజం గొంతు కాశీబుగ్గ సందు చివరి దాకా వినిపించింది.

పొద్దున్నే హార్డ్‌వేర్ దుకాణం తెరిచి, పటానికి అగరుబత్తి చూపించి కూర్చున్నాడు. ఇంకా బోణీ కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వెంకటరాజానికి ఊరు మంచిదే దొరికింది, నోరే కాదు.

వచ్చినవాడికి యాభై ఏళ్లుంటాయి. నలిగిన ఫుల్ హ్యాండ్స్ అంగీ, దుమ్ము పట్టిన చెప్పులు. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని దర్జాగా నిలబడ్డాడని వెంకటరాజానికి చూడగానే ఒళ్లు మండింది. దుకాణానికి వచ్చినవాళ్లు కాస్త వంగి మాట్లాడాలి ఆయనకు.

"వడ్ల పనికి, కట్టె కొలిచేటందుకు మంచి టేపు గావాలె సేటూ" అన్నాడతను.

"అన్నీ మంచియే. కొలిచేటోనికి తెలివి ఉంటే చాలు."

అతను కోపం తెచ్చుకోలేదు. ఒక టేపు కొక్కేన్ని బల్ల అంచుకు తగిలించి, డబ్బాను తన వైపు లాగాడు. వేలు వదలగానే టేపు సర్రుమని లోపలికి పోయింది. దాన్ని పక్కన పెట్టాడు.

"గిది ఆగుతలేదు. ఇడిసిపెట్టినా ఆగేటిది ఉన్నదా?"

"రెండో చేత్తోని పట్టుకో. అరిగిపోతదా?"

అతను ఇంకో టేపు లాగి చూశాడు.

"దీని అంకెలు తలకిందులు కనవడుతానయ్."

"టేపు సక్కగనే ఉన్నది. నువ్వే తలకిందులున్నవ్."

తన మాటకు తనే పగలబడి నవ్వాడు వెంకటరాజం. ఇలాంటివాళ్లకు నవ్వడానికి రెండో మనిషి అక్కర్లేదు.

దుకాణం వెనకే ఇల్లు. మధ్యలో ఒక పరదా. నవ్వు విని ఆయన భార్య కళావతి పరదా దగ్గరికి వచ్చింది. ఆ వెనకే గది తలుపు కిర్రుమంది. ఆమె తిరిగి చూసింది.

కొడుకు శేఖర్ బయటికి వచ్చాడు.

పోయిన ఎండాకాలం చెక్క చిత్రిక పట్టే రందా మిషన్‌లో అతని కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. పేరున్న వడ్రంగి. అప్పటి నుంచి గడప దాటలేదు. ఎడమ చేత్తో అన్నం తింటుంటే ఎవరు చూస్తారోనని తలుపు వేసుకుని తింటాడు. వాడు ఒక్కసారి బయటికి వచ్చి పని పట్టుకుంటే చాలు, మేడారం వచ్చి అమ్మవారికి వాడి ఎత్తు బెల్లం తూగిస్తానని కళావతి మొక్కుకుంది.

ఈ పొద్దు గడ్డం గీసుకున్నాడు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. పరదా సందులోంచి దుకాణంలోకి చూస్తున్నాడు. కదిలిస్తే ఎక్కడ వెనక్కి పోతాడోనని కళావతి పక్కకు ఒదిగి చోటిచ్చింది.

దుకాణంలో ఆ వచ్చినవాడికి కావలసిన టేపు దొరికింది. వదిలినా ఆగింది. అంకెలు రెండు వైపుల నుంచీ చదవడానికి వీలుగా ఉన్నాయి. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"గిదియ్యి సేటూ" అంటూ నోటు చాపాడు.

ఎడమ చేత్తో చాపాడు.

వెంకటరాజం కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"ఎడమ చేత్తోనా? బోణీ బేరం! నీకు అమ్మ అయ్య ఏం నేర్పిండ్రు?"

"సేటూ, నాకు..."

"నోర్ముయ్! ఎడమ చేత్తోని ఇచ్చేటోని మొఖం పొద్దుగాల్ల జూస్తే ఇంటికి శని వడ్తది. గసొంటోడు ఇంట్ల ఉన్నా ఒకటే, సచ్చినా ఒకటే!"

"నేను వచ్చింది టేపు కోసమే కాదు. జర మీ..."

"పో అంటాన గదా!"

టేపు లాక్కున్నాడు. అతను నోటు జేబులో పెట్టుకున్నాడు. ఏదో అనబోయి, లోపలి పరదా వైపు ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు. పోయే ఆటోను ఆపి ఎక్కాడు.

వెంకటరాజం చెంబుతో నీళ్లు తెచ్చి గడప మీద చల్లాడు.

లోపల శేఖర్ గది గడియ పడిన చప్పుడైంది.

"ఏం మాటలయ్యా అవి! నీ కొడుకు విన్నడు" అంది కళావతి.

"నేను వాన్నన్ననా? వానికంటే చెయ్యి లేదు. వీనికేం రోగం, జేబుల వెట్టుకున్న చెయ్యి తీసేదానికి?"

"ఆ జేబుల చెయ్యి ఎక్కడున్నది? మెట్లు దిగేటప్పుడు చూసిన, జేబులకెల్లి జారి ఉత్త అంగీ చెయ్యే ఊగుతాంది."

వెంకటరాజం చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. రోడ్డు మీదికి వచ్చి అటూ ఇటూ చూశాడు. ఆటో ఎప్పుడో మలుపు తిరిగింది. అంత పెద్ద నోరున్న మనిషికి కేకెయ్యడానికి ఒక్క పేరు కూడా తెలియదు.

లోపలికి వచ్చి తలుపు తట్టాడు.

"శేఖరూ... నిన్నన్లేదు బిడ్డా. తలుపు తియ్యి."

లోపలి నుంచి మాట వచ్చింది.

"ఫోన్ ఎత్తుతలేడు బాపూ. 'నీ చేతికి కుదిరే టేపు మీ బాపు దుకాణంలనే నేను ఏరుత, నువ్వు జర బయటికి రా' అన్నడు నాతోని."

"ఎవరు బిడ్డా?"

"రఘునాథపల్లి కట్టయ్య మేస్త్రి బాపూ, ఒక్క ఎడమ చేత్తోని దర్వాజలు చేసుడు నాకు నేర్పమని నేను బతిమాలి పిలిపించుకున్నాయన."