ఫ్యానుకి తల్లి లేదు

ఒకప్పుడు మా కాలేజీకి ఎవరైనా ఫ్యాను ఇస్తే రెక్క మీద దాత పేరు రాయించేవాళ్లం. ఇప్పుడు పిల్లలకు చెవి వెనక అంటించే పాఠాల బిళ్లలు ఇస్తున్నారు. బిళ్ల ఉన్నంతవరకే చదువు గుర్తుంటుంది. ఏ ప్రశ్న అడిగినా పిల్లల నోట ముందు దాత పేరే వస్తుంది. ప్రభుత్వం చాక్‌పీసులకు కూడా డబ్బివ్వదు. అందుకే ప్రిన్సిపాల్‌గా దాతలు పెట్టిన ఈ షరతుకి ఒప్పుకున్నది నేనే.

ఇవాళ కెమిస్ట్రీలో రాష్ట్రస్థాయి పతకం తెచ్చిన కస్తూరికి సన్మానం. వాళ్లమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి, జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతోనే వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

"ఈ పతకం ఎవరి చలవమ్మా?" అని మైకులో అడిగాను.

కస్తూరి తల్లి వైపే చూస్తూ, "శ్రీ కొర్లకోట అప్పన్న గారు" అంది. ఆ తర్వాత అన్నది చప్పట్లలో కలిసిపోయింది. తల్లి తల దించుకుంది.

వేదిక దిగగానే, బిళ్ల దాతగా సన్మానానికి వచ్చిన అప్పన్నగారిని నిలదీశాను. "ఆ పేరు తీయించండి. సిగ్గుగా లేదూ?"

"ఫ్యాను మీద రాయించినప్పుడు లేని సిగ్గు ఇప్పుడేటమ్మా?"

"ఫ్యానుకి తల్లి లేదండీ!"

"నచ్చకపోతే నా బిళ్ల నాకిచ్చీమనండి."

వెనకే నిలబడ్డ కస్తూరి ఆ మాట వింది. బిళ్ల పీకి ఆయన చేతిలో పడేసి, "అమ్మా!" అని గట్టిగా పిలిచింది. తల్లి పరుగున వచ్చి కావలించుకుంది. కాసేపటికి కస్తూరి తన చేతిలోని పతకాన్ని తిప్పి చూస్తూ, "ఇది నాకెందుకిచ్చారు మేడమ్?" అంది.

అప్పన్నగారు బిళ్లని జేబురుమాలుతో తుడిచారు. "ఇంకో పిల్లకి పెట్టండి."

తిట్టడానికే నోరు తెరిచాను. నా చెయ్యి మాత్రం అప్పటికే చాచి ఉంది.