కిందికి బాణం

ఇప్పుడు కీబోర్డులు ఎవరూ వాడరు. తెర మీది బొమ్మ మనం చూసిన చోటికే జరుగుతుంది. నా భార్య మంగతాయారు సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయించడానికి వెళ్లాను. ఫొటోకు దండ మాత్రం ఇంటివాళ్లే వేయాలి.

"పిన్ని మెడ వంక చూడు బాబాయ్, దండ అక్కడే పడుద్ది," అంది షాపు నడిపే రమణి.

ఫొటోలో మంగతాయారును చూడాలనే ఉంది. చూస్తే దండ పడుతుంది. తలెత్తి గోడ పైకి చూశాను. దండ తెర పై అంచుకు పోయి ఆగింది.

"పిన్ని మీద ఇంకా కోపమేనా?"

"చెప్పకుండా పోయింది. కోపం రాదా? పాత కీబోర్డు ఉంటే పట్రా."

గొణుక్కుంటూ తెచ్చి తగిలించింది. దండ చూపుతో జరగడం ఆగిపోయింది. అప్పుడు ఫొటోలో ఆమెను చూశాను. ముక్కుపుడక వంకరగా ఉంది. ఎప్పుడూ అంతే.

"కిందికి బాణం నొక్కు బాబాయ్, దండ దిగుద్ది."

"నొక్కుతాలే. నీకేం తొందర?"