సగం గోడ

మఫెటెంగ్ పట్నం చర్చి హాల్లో ఫోటో క్లబ్బు నెలవారీ సభ జరుగుతోంది.

ఈసారి అంశం, డిజైన్లు.

సభ్యులు తీసిన ఫోటోలు ఒక్కొక్కటే తెర మీద పడుతున్నాయి. పక్కన నిలబడి లినేవో తప్పొప్పులు చెబుతోంది. ఊళ్ళో ఫోటో స్టూడియో ఆమెదే. పని తెలిసిన మనిషి. మాట సూటిగా ఉంటుంది, మధ్యలో ఓ చురక కూడా ఉంటుంది. సగంమంది ఆ చురకల కోసమే వస్తారు.

ఓ నర్సు దుప్పట్ల దొంతర ఫోటో చూపించింది. చారలు బాగున్నాయి గాని కింద మంచం కోడు కనబడుతోందని, ఇంకాస్త దగ్గరకు వెళ్ళి ఫోటో అంతా చారలే ఉండేలా తియ్యమని లినేవో చెప్పింది.

తర్వాత వెనక బెంచీలోంచి ఓ పెద్దాయన లేచాడు.

కొత్త మనిషి. భుజాన దుప్పటి, చేతిలో గడ్డి టోపీ. పేరు సెఖోబే అని, కొండ మీది పల్లె నుంచి వచ్చానని చెప్పుకున్నాడు.

తెర మీద ఓ ఇంటి గోడ పడింది. మట్టి పూసి, తడి ఆరకముందే ఆడవాళ్ళు వేళ్ళతో గీసే లితెమా గీతలు. పూరేకుల్లా ఎదురుబొదురుగా తిరుగుతూ పోయాయి.

సగం గోడ దాకానే పోయాయి. మిగతాదంతా బోసి మట్టి.

తర్వాతి ఫోటోలోనూ అదే గోడ. ఆ తర్వాతి దాంట్లోనూ అదే.

"పెద్దయ్యా, మీ ఊళ్ళో వేరే గోడల్లేవా?" అంది లినేవో.

అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు.

నడినెత్తి ఎండలో తీస్తే గీతలు చప్పబడిపోతాయని, పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే ప్రతి గాడీ లేచి కనబడుతుందని ఆమె చెప్పింది. ఆయన ముందుకు వంగి, ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు.

లినేవో అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఎండ సంగతి సరే. డిజైన్ అన్నాక కన్ను దాని వెంట చివరిదాకా పోవాలి కదా. ఇక్కడ సగంలోనే గోతిలో పడుతోంది. ఇది గీసినావిడ ఎవరో గాని, బద్ధకమన్నా అయి ఉండాలి, కబుర్లలోనన్నా పడి ఉండాలి."

ఈసారి నవ్వులు చాలాసేపు ఆగలేదు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. టోపీ అంచు తడుముతూ అడిగాడు.

"పూర్తయితే ఎవరూ నవ్వరు కదమ్మా?"

"పూర్తయితే మీకు చప్పట్లే," అంది లినేవో.

తర్వాతి నెల ఆయన మళ్ళీ వచ్చాడు. ఒకే ఒక్క ఫోటో తెచ్చాడు. పొద్దుటి ఎండ. ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిన గోడ.

లినేవో అందరిచేతా చప్పట్లు కొట్టించింది. చెప్పింది విని సరిదిద్దుకోవడమంటే ఇదీ అని, ఆయన్ని చూసి నేర్చుకోమని చెప్పింది. ఆయన మాత్రం, గీసినావిడ గురించి ఇప్పుడేమంటారని అడిగాడు. పనిమంతురాలే అన్నారు అందరూ. ఆయన తల ఊపి టోపీ పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ గోడ లినేవో మనసులోంచి పోలేదు. తనే ఓసారి తీద్దామని దుప్పటి కప్పుకుని, కెమెరా మెడలో వేసుకుని కొండెక్కింది.

సెఖోబే ఇంట్లో లేడు, గొడ్ల వెంట పోయాడు. పక్కింట్లో ఉండే ఆయన మరదలు మాపులెంగ్ స్టూలు వేసి, రేకు గ్లాసులో పులిసిన జొన్న అంబలి పోసి ఇచ్చింది. గోడ గీసింది తనేనని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహంలో సంతోషం లేదు.

"పాత సగానికి భలే అతికించావే," అంది లినేవో.

"అతకదమ్మా. ఎండిన మట్టికీ పచ్చి మట్టికీ రంగు కలవదు. పాతదంతా గీకేశాకే కొత్తది పూశాం."

మొదటి ఫోటోలోని గీతలు లినేవోకు గుర్తొచ్చాయి. ఇంతకంటే సన్నం.

"గీకింది కూడా ఆయనే, నన్ను ముట్టుకోనివ్వలేదు. వాన పడ్డప్పుడల్లా ప్లాస్టిక్ పట్టా కట్టి కాపాడుకున్న గోడ అది."

"మరి ఎందుకు గీకేశాడు?"

మాపులెంగ్ గోడకేసి చూస్తూ చెప్పింది. పట్టా కట్టినా మట్టి రాలిపోతోందట. మొత్తం పోయేలోపు ఉన్నదున్నట్టు మంచి ఫోటో తీసుకోవాలని, ఎలా తియ్యాలో నేర్చుకుందామని పట్నం వెళ్ళాడట. అక్కడెవరో ఆవిడ ఏదో అందట, అంతా నవ్వారట. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదట.

"ఇంకెవరూ దాన్ని చూసి నవ్వకూడదన్నాడు. పాత ఫోటోలు కూడా ఫోన్లోంచి తీసేయించాడు."

లినేవో గ్లాసు కింద పెట్టింది. ఆవిడ నేనే అనబోయింది. కెమెరాని దుప్పటి కిందికి లాక్కుంది.

తలెత్తకుండానే అడిగింది, ఆ పాత గీతలు ఎవరివని.

"మా అక్కవి," అంది మాపులెంగ్. "జీవితమంతా గనుల్లో ఉన్న మొగుడు ఇంక తిరిగి పోకుండా ఇంటికొచ్చేస్తున్నాడని తెలిసి గోడ పూయడం మొదలుపెట్టింది, ఆ గీతలు ఆగిన చోటే మట్టి చేతులతోనే పడిపోయి మళ్ళీ లేవలేదు."